కుడిపక్క నీడ

మూడు రోజులుగా వాన కురుస్తూనే ఉంది. సెప్టెంబరు ఆఖరంటే వ్రానిత్సా ఊళ్ళో ప్రతి వాకిట్లోనూ ఎర్ర బుంగమిరపకాయలు కాలుతుండాలి. చలికాలానికి పచ్చడి పెట్టుకోవాలి కదా. ఆ ఏడు వానకి ఎవరూ వాకిట్లో పొయ్యి రాజేయలేకపోయారు. నెద్కా వంటింట్లోనే ఇనపరేకు మీద కాల్చుకుంటోంది. కిటికీలు వేసి ఉండడంతో పొగ బయటికి పోవడం లేదు. మాడిన తొక్కల వాసన గోడలకీ తెరలకీ ఆమె జుట్టుకీ పట్టేసింది.

వంటింట్లో ఓ మూల బల్ల మీద పాత టీవీ ఉంది. దాని మీద నల్లగుడ్డ కప్పి ఉంది.

నెద్కా అత్తగారు గానా పోయి ఆ రోజుకి ఇరవయ్యొక్క రోజులు. ఇంట్లో మనిషి పోతే ఆ ఊళ్ళో నలభై రోజులు టీవీ పెట్టరు. అద్దాలు కప్పేస్తారు. ఫొటో ముందు దీపం ఆరనివ్వరు, ఇల్లు ఖాళీగా వదిలి పోరు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ నలభై రోజులూ పోయినవాళ్ళని పిలవకూడదు. వాళ్ళ గురించి ఎంతసేపైనా చెప్పుకోవచ్చు, తలుచుకుని ఏడవొచ్చు, కానీ ఎదురుగా ఉన్న మనిషిని పిలిచినట్టు మాత్రం పిలవకూడదు. వాళ్ళింకా దగ్గర్లోనే తిరుగుతుంటారట. పిలిస్తే వెనక్కి తిరుగుతారట.

ఇదంతా నమ్ముతావా అని ఎవరైనా అడిగితే నెద్కా మాట మార్చేస్తుంది. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. పెద్దవాళ్ళు చేశారు కాబట్టి తనూ చేస్తుంది, అంతే.

ఆ టీవీ నిజానికి గానాదే. పొద్దున్న లేచింది మొదలు దాని ముందే కూర్చునేది. ఆ ఊరి టీవీలన్నిటికీ ఒకే జబ్బు. ఊరికి పైన కొండ మీద చిన్న ప్రసార స్తంభం ఉంది, దానికి ఎదురుగా కాకిబండ అనే పెద్ద రాతికొండ ఉంది. స్తంభం నుంచి వచ్చిన బొమ్మ నేరుగా ఒకసారి ఇళ్ళకి చేరేది. కాకిబండకి కొట్టుకుని రవ్వంత ఆలస్యంగా రెండోసారి చేరేది. అందువల్ల తెర మీద ఏ మనిషి కనపడినా, ఆ మనిషికి కుడిపక్క వేలెడు దూరంలో పాలిపోయిన నీడ ఒకటి ఉండేది. మనిషి చెయ్యెత్తితే ఆ నీడా చెయ్యెత్తేది. ఊళ్ళో వాళ్ళకి అలవాటైపోయి దాన్ని చూడడమే మానేశారు. గానా మాత్రం దాన్నే చూసేది.

"అది వాళ్ళ పోయినవాళ్ళే," అనేది. "ప్రతి మనిషి పక్కనా ఒకరు నడుస్తుంటారు. బయట మనకి కనపడరు, పెట్టెలో కనపడతారు."

"నానమ్మా, మొన్న గుర్రానికి కూడా నీడ వచ్చింది. అది ఎవరు, గుర్రం వాళ్ళ నానమ్మా?" అని మనవరాలు సెవ్దా ఏడిపించేది.

"నవ్వవే, నవ్వు. నా పక్కన మా అమ్మ నడుస్తోంది. రేపు నీ పక్కన నేను నడుస్తా. అప్పుడు నవ్వుదువుగాని."

ఆ వేసవిలో పాత ప్రసారం ఆపేస్తున్నారని, ఇక అంతా డిజిటలేనని కబురొచ్చింది. గానా కొడుకు మనోల్ పట్నం నుంచి చేతిలో పట్టేంత నల్లటి పెట్టె ఒకటి తెచ్చాడు. అన్నం దగ్గర కూర్చుని తల్లికి విడమరిచి చెప్పాడు.

"చూడమ్మా, పాతది లోయ అవతల నిలబడి మనిషి అరిచినట్టు. దూరమైతే సన్నగా వినపడుద్ది, గాలేస్తే గరగరలాడుద్ది, కానీ ఏదో ఒకటి వినపడుద్ది. ఆ అరుపే బండకి తగిలి మళ్ళీ వినపడుద్ది. అదే నీ నీడ. కొత్తది అరుపు కాదు, లెక్క. బొమ్మనంతా అంకెలు చేసి పంపుతారు. ఈ పెట్టె కూర్చుని కూడుకుంటుంది. లెక్క కుదిరిందా, బొమ్మ కడిగిన అద్దంలా వస్తుంది. కుదరలేదా, ఏమీ రాదు. కాస్త వచ్చి కాస్త రాకపోవడమనేది ఉండదు."

"మరి నీడ?"

"ఉండదు. బండ మీంచి లేటుగా వచ్చిందాన్ని పెట్టె లెక్కలోకి తీసుకోదు. పక్కన పారేస్తుంది."

గానా చెంచా కింద పెట్టింది. ఆ నల్ల పెట్టెని వేలితో కాస్త అవతలికి జరిపింది.

"మరి వాళ్ళెక్కడికి పోతారు?"

"ఎవరు?"

"ఆ పక్కన ఉండేవాళ్ళు. ఇన్నేళ్ళూ అక్కడున్నారు. పారేస్తే ఎక్కడికి పోతారు?"

మనోల్ నవ్వాడు. సెవ్దా నవ్వింది. మర్యాదకి నెద్కా కూడా నవ్వింది. గానా మాత్రం నవ్వలేదు. తర్వాత నెల్లాళ్ళకే పోయింది. నల్ల పెట్టె గుడ్డ కప్పిన టీవీ పక్కనే ఉండిపోయింది. నలభయ్యో రోజు దాటాక కలుపుదామనుకున్నారు.

ఆ సోమవారం మధ్యాహ్నం ఎదురింటి స్తోయిమెంకా గోనెసంచీ నెత్తిన కప్పుకుని వచ్చింది. అరవై దాటిన మనిషి. ఆమె వస్తే నెద్కాకి మాట్లాడే పని ఉండదు, ఆవిడే ఇద్దరి వంతూ మాట్లాడేస్తుంది.

"ఒసేయ్ నెద్కా, పొగలో నువ్వు కనపడట్లేదు, మిరపకాయలు కాలుస్తున్నావా, నువ్వే కాలుతున్నావా?"

"కూర్చో వదినా."

"కూర్చోడానికి రాలేదు, చెప్పడానికొచ్చా. పొద్దున్న పాతదాన్ని పీకేశారు. మా పడగ్గదిలో పాత టీవీ పెట్టి చూశా, తెరంతా పిండి జల్లించినట్టు తెల్లగా. చచ్చిపోయింది. కొత్తది మాత్రం, అబ్బ! నిన్న వార్తలు చదివే ఆవిడ ముక్కు పక్కన పులిపిరి కనపడింది. ఇరవై ఏళ్ళ నుంచీ చూస్తున్నా, ఆవిడకి ముక్కుందనే నాకు తెలీదు."

నెద్కా నవ్వింది. స్తోయిమెంకా ఓ మిరపకాయ తొక్క తీసుకుని నోట్లో వేసుకుని, గొంతు తగ్గించింది.

"లోయ దారిలో ఏరు రోడ్డు దాకా వచ్చిందంట. సెవ్దా ఐదున్నరకి ఊళ్ళోకొచ్చే బస్సుకేగా వస్తోంది?"

"ఐదున్నరకే."

"వచ్చేస్తుందిలే," అంటూ లేచింది స్తోయిమెంకా. గడప దాటబోతూ ఆగింది. "మీ గేటు మీద మీ అత్త కాగితం తడిసిపోతోంది. ఇంకోటి అంటించు."

పోయినవాళ్ళ ఫొటో, పేరు వేసిన నల్ల అంచు కాగితం ప్రతి ఇంటి గేటుకీ అంటించి ఉంటుంది. నెద్కా వెళ్ళి చూసింది. వింతేమిటంటే, అక్షరాలు చెక్కుచెదరలేదు. పేరు, తేదీలు, చుట్టూ నల్ల అంచు అన్నీ ఉన్నాయి. ఫొటో ఉన్న చోట మాత్రం తెల్లగా ఉంది. వాన ముఖాన్ని ఒక్కదాన్నే కడిగేసినట్టు.

ఐదు దాటాక ఎక్కడో దూరంగా బరువైనది దొర్లిన చప్పుడు వినిపించింది. ఉరుమనుకుంది. కానీ ఉరుము అంతసేపు ఉండదు. అల్మరాలో గాజుగ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి.

పశువుల కొట్టంలోంచి మనోల్ పరుగెత్తుకొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"లోయలో కొండచరియ. నేను ట్రాక్టరు తీస్తున్నా. మగాళ్ళందరం వెళ్తున్నాం."

"నేనూ వస్తా."

"ఎలా వస్తావ్? దీపం వదిలేసి? ఇల్లు ఖాళీ చేసి?" అన్నాడు. తర్వాత గొంతు మెత్తబడింది. "నువ్వు ఇక్కడే ఉండు నెద్కా. పిల్ల వస్తే ఇంట్లో ఎవరో ఒకరు ఉండొద్దూ?"

ట్రాక్టరు చప్పుడు వానలో కలిసిపోయింది. నెద్కా సెవ్దాకి ఫోన్ చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. నెద్కాకీ మనోల్‌కీ సెవ్దా ఒక్కతే కూతురు. పందొమ్మిదేళ్ళది. పట్నంలో బట్టలు కుట్టే కార్ఖానాలో పని. పొద్దున్న వెళ్ళేటప్పుడు నెద్కా ఒక బానిత్స ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది, ఆ చీజు రొట్టె అంటే పిల్లకి ప్రాణం. "నూనె కారుతోందే అమ్మా, సంచీ పాడవుద్ది" అని సెవ్దా విసుక్కుంది. అదే ఆఖరి మాట.

ఆఖరి మాట అని ఎందుకనుకుందో... వెంటనే లెంపలేసుకుంది.

ఐదున్నర అయింది. పావు తక్కువ ఆరు. కాకిబండ వెనక వెలుతురు ఎప్పుడో పోయింది. నెద్కా గేటు దగ్గరికెళ్ళి, వార్తల్లో ఏమైనా చెప్పారా అని స్తోయిమెంకాని కేకేసింది. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "కొత్తది కూడా పోయిందే! వానకి నీలం తెర ఒక్కటే! ఏమీ చెప్పట్లేదు!" అని అరిచింది.

నెద్కా వెనక్కొచ్చింది. వంటింట్లో నిలబడి నల్లగుడ్డ వైపు చూసింది.

ఆరింటికి వార్తలొస్తాయి. లోయ సంగతి చెప్తారు. బస్సు సంగతి చెప్తారు.

ఇంకా పందొమ్మిది రోజులుంది నలభైకి. గానా ఫొటో వైపు చూసింది. దీపం నిలకడగా వెలుగుతోంది. ఏ తప్పైనా తర్వాత చెప్పుకోవచ్చు అనుకుంది. ఒక్క నిమిషం, ఒక్క మాట విని మళ్ళీ కప్పేస్తే సరి.

గుడ్డ లాగేసింది.

మూడు వారాల దుమ్ము వాసన వచ్చింది. దాంతోపాటు గానా రాసుకునే కర్పూరం నూనె వాసన కూడా. గుడ్డలో ఉండిపోయిందేమో.

స్తోయిమెంకా ఇంట్లో చూసిన గుర్తుతో తీగలు కలిపింది. నల్ల పెట్టె మీద ఎర్ర దీపం వెలిగి పచ్చగా మారింది. తెర నీలమైంది. ఆ పైన ఒక్కసారిగా బొమ్మ వచ్చింది. ఎంత శుభ్రంగా అంటే, నెద్కా ఉలిక్కిపడింది. వార్తలు చదివే ఆవిడ పక్క గదిలోంచి తొంగిచూస్తున్నట్టుంది. పక్కన నీడ లేదు.

"...వ్రానిత్సా లోయ దారిలో ఈ సాయంత్రం కొండచరియ విరిగి మినీబస్సు మీద పడింది. అందులో ఉన్న ఏడుగురు ప్రయాణికుల్లో..."

ఆగిపోయింది.

ఆవిడ నోరు తెరిచి ఉంది. చెంప చిన్న చిన్న గళ్ళుగా విడిపోయి పక్కకి జరిగింది. కన్ను ఉండాల్సిన చోట వెనకాల గోడ ముక్క వచ్చి కూర్చుంది. శబ్దం లేదు. బుసబుస లేదు, గరగర లేదు. అసలేమీ లేదు.

"ఏడుగురిలో? ఏడుగురిలో ఏంటి? చెప్పవే..." నెద్కా టీవీ మీద అరచేత్తో కొట్టింది. పాతదయితే కొడితే పలికేది. ఇది పలకలేదు. నీలం తెర. మళ్ళీ ఒక గడి. మళ్ళీ నీలం.

కాస్త వచ్చి కాస్త రాకపోవడం ఉండదు. మనోల్ మాట గుర్తొచ్చింది. పాతదే అయితే ఎంత వానలోనైనా, ఎంత గరగరలోనైనా, చెవి పెట్టి వింటే ఒక్క ముక్కైనా అందేది. ఒక్క పేరైనా.

ఆమె నల్ల పెట్టె తీగ పీకేసింది. యాంటెనా తీగని పాత పద్ధతిలో నేరుగా టీవీకి గుచ్చింది. పొద్దున్నే ఆపేశారని తెలుసు. స్తోయిమెంకా చెప్పింది కూడా. అయినా గుచ్చింది. మునిగేవాడు నీళ్ళని పట్టుకోడూ, అలాగ.

తెరంతా తెల్లటి రవ్వలు. వానా, టీవీ ఒకే గొంతుతో బుసకొడుతున్నాయి. నెద్కా తెరకి ముఖం ఆనించినంత దగ్గరగా కూర్చుంది. ఏమీ లేదు. మనిషి లేడు. మాట లేదు.

కుడిపక్క ఏదో ఉంది.

మొదట కళ్ళు చెమర్చాయనుకుంది. తుడుచుకుంది. రవ్వల వెనక, తెరకి కుడి చివర, పాలిపోయిన ఆకారం ఒకటి. ఎన్నో ఏళ్ళుగా అందరి పక్కనా చూసిన నీడే. ఎప్పుడూ ఉండే చోటే ఉంది. కానీ దాని పక్కన ఉండాల్సిన మనిషి లేడు. బొమ్మ లేదు.

నీడ ఒక్కటే ఉంది.

అది కూర్చుని ఉంది. తలకి రుమాలు. ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంది. ఆ భుజం నెద్కాకి తెలుసు. ఇరవై ఏళ్ళు ఆ భుజానికి కర్పూరం నూనె రాసింది తనే.

నోరు మూసుకోవాల్సింది. గుడ్డ కప్పేయాల్సింది. తెలుసు.

"అత్తా...?"

టీవీలోంచి బుస ఆగింది. ఒక్క గుక్క ఆలస్యంగా, లోతుగా, తన గొంతే తిరిగొచ్చింది.

"అత్తా..."

కాకిబండకి కొట్టుకుని వచ్చినట్టు.

నెద్కా రెండు చేతులతో టీవీ అంచులు పట్టుకుంది.

"పిల్ల... పిల్ల ఎక్కడుంది?"

ఒక్క గుక్క.

"పిల్ల... పిల్ల ఎక్కడుంది?"

"అత్తా, నీ మనవరాలు. లోయలో ఉంది. నాకు ఇంకెవరూ లేరు." నెద్కా ఏడుస్తోంది. ఏమంటోందో ఆమెకే తెలియడం లేదు. "తీసుకురా. ఎలాగైనా సరే, ఇంటికి తీసుకురా. నువ్వూ రా. కావాలంటే నువ్వూ దానితో వచ్చేయ్. పిల్లని మాత్రం తీసుకురా..."

ఈసారి గొంతు తిరిగి రాలేదు.

నెద్కా ఎదురుచూసింది. గోడ గడియారం టకటకలాడింది. రేకు మీద ఒక మిరపకాయ చిట్లి బుస్సుమంది.

తెర మీద నీడ లేచింది. మెల్లగా... గానా లేచినట్టే, ముందు మోకాళ్ళ మీద చేతులు ఆనించి. నిలబడింది. తెర కుడి అంచువైపు నడిచింది. అంచు దాటింది.

కరెంటు పోయింది.

ఎంతసేపు అలా కూర్చుందో తెలీదు. ఫొటో ముందు దీపం మాత్రం వెలుగుతోంది. చీకట్లో మాడువాసన. మిరపకాయలన్నీ బొగ్గయిపోతున్నాయి. లేచి రేకు దించాలన్న ఆలోచన కూడా రాలేదు.

గేటు కిర్రుమంది.

బురదలో అడుగులు. మెల్లగా వస్తున్నాయి. వంటింటి తలుపు తెరుచుకుంది.

"అమ్మా."

సెవ్దా. తల నుంచి కాళ్ళ దాకా తడిసి ఉంది. భుజానికి తను కుట్టుకున్న ఆకుపచ్చ సంచీ వేలాడుతోంది. నెద్కా కూర్చున్న చోటినుంచి దూకినట్టే లేచి కూతుర్ని పట్టుకుంది. ముఖం తడిమింది, చేతులు తడిమింది. చల్లగా ఉన్నాయి. వానలో వచ్చిన పిల్ల చల్లగా ఉండక ఎలా ఉంటుంది?

"తలుపు వెయ్యవే, జల్లు కొడుతోంది."

సెవ్దా తలుపు వెయ్యలేదు. ఒక చేత్తో రెక్కని తెరిచి పట్టుకునే ఉంది. వెనకాల ఎవరో పెద్దవాళ్ళు గడప దాటాలన్నట్టు. తర్వాత వదిలింది.

"ఎవరున్నారే?" అని గుసగుసగా అడిగింది నెద్కా.

ఒక్క గుక్క ఆలస్యంగా జవాబొచ్చింది. "ఎవరూ లేరే. ఎందుకో పట్టుకున్నా."

పొడిబట్టలు కట్టించి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. వెనక సీట్లో కూర్చుంది. కునుకు పట్టింది. ఎవరో భుజం తట్టి "దిగు" అన్నారు. దిగింది. మలుపు దగ్గర తనని వదిలి బస్సు వెళ్ళిపోయింది. నడుచుకుంటూ వచ్చేసింది.

"ఎవరు తట్టారు?"

"చూళ్ళేదమ్మా. చెయ్యి మాత్రం కర్పూరం వాసనేసింది."

మనోల్ ఎనిమిదింటికి వచ్చాడు. ఒళ్ళంతా బురద. తలుపు తీసి, పొయ్యి పక్కన కూతుర్ని చూసి, చేతిలో లాంతరు వదిలేశాడు. గోడకి ఆనుకుని కిందికి జారి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆరుగురు ప్రయాణికుల్నీ డ్రైవర్నీ బతికుండగానే బయటికి లాగారట. వెనక సీటు చోట కప్పు దాకా మట్టి నిండి ఉందట. సెవ్దాని అక్కడే వెతుకుతూ ఉన్నారట ఇప్పటిదాకా.

"మలుపు దగ్గర దిగిపోయిందంట," అంది నెద్కా.

"డ్రైవరు ఎక్కడా ఆపలేదన్నాడే," అన్నాడు మనోల్ కళ్ళు తుడుచుకుంటూ. "పట్నంలో తలుపేస్తే మళ్ళీ తీసిందే లేదంట. పోన్లే, తలకి దెబ్బ తగిలినవాడు, ఏం గుర్తుంటుంది. నేను వెళ్ళి మనవాళ్ళకి చెప్పాలి. పాపం ఇంకా తవ్వుతూనే ఉన్నారు."

వెళ్ళబోతూ కోటు లోపలి నుంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది మట్టిలో దొరికింది. పిల్లదనుకుని గుండె ఆగిపోయింది నాకు. కార్ఖానాలో ఇంకెవరో ఇలాంటిదే కుట్టుకున్నట్టున్నారు."

ఆకుపచ్చ సంచీ.

మనోల్ వెళ్ళాడు. సెవ్దా పక్క గదిలో పడుకుంది. నెద్కా బురద సంచీని దీపం దగ్గరికి తెచ్చి తెరిచింది. లోపలి గుడ్డ గానా పాత ఏప్రన్‌ది. నీలం మీద తెల్ల చుక్కలు. తనే చించి ఇచ్చింది కుట్టుకోమని. అలాంటిది ఇంకోటి ఎక్కడా ఉండడానికి లేదు. అడుగున నూనె కాగితం, అందులో బానిత్స. ఒక మూల కొరికి ఉంది.

మేకుకి వేలాడుతున్న సెవ్దా సంచీ తీసింది. లోపల నీలం మీద తెల్ల చుక్కలు. నూనె కాగితం. బానిత్స. అదే మూల, అదే కొరుకు.

నెద్కా రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. పక్క గదిలోంచి కూతురి ఊపిరి వినపడుతోంది. వినపడుతోంది కదా, అనుకుంది. అది చాలు.

బురద సంచీని పొయ్యిలోకి తోసేసింది. మాడిన మిరపతొక్కలతో పాటు కాలిపోయింది. టీవీ మీద నల్లగుడ్డ మళ్ళీ కప్పింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. పెద్ద యంత్రం వచ్చి దారి మీది మట్టినంతా ఏట్లోకి తోసేసింది. ఎవరూ అందులో వెతకలేదు. వెతకాల్సిన మనిషి ఇంట్లో ఉంది కదా.

సెవ్దా బాగానే ఉంది. తింటోంది, పనికి వెళ్తోంది. ఒక్కటే తేడా. పిలిస్తే ఒక్క గుక్క ఆగి పలుకుతుంది. జోకు వేస్తే అందరూ నవ్వి ఊరుకున్నాక నవ్వుతుంది. "ప్రేమలో పడిందేమోనే," అంది స్తోయిమెంకా. "ఆ వయసులో నాక్కూడా చెవులు పనిచేసేవి కాదు."

ఇంకొకటి కూడా ఉంది. అది నెద్కాకి మాత్రమే తెలుసు. సాయంత్రాలు వెలుతురు పల్చబడ్డాక, సెవ్దా గోడ ముందు నిలబడితే, కుడిపక్క వేలెడు దూరంలో గాలి కాస్త పాలిపోయి ఉంటుంది. సెవ్దా గ్లాసు ఎత్తితే, అదీ... వెనకగా, మెల్లగా.

నెద్కా కళ్ళకి నీళ్ళు కొట్టుకుంది. పట్నం వెళ్ళి కళ్ళజోడు మార్పించుకుంది. తర్వాత ఆ గంటలో కూతురి వైపు చూడడం మానేసింది. పిల్ల దక్కింది. పక్కన ఎవరో నడుస్తుంటే నడవనీ. రమ్మన్నది తనే. ఎవరినీ అనడానికి లేదు.

నలభయ్యో రోజు వచ్చింది. పొద్దున్నే సమాధి దగ్గర దీపాలు పెట్టి వచ్చారు. పంచదార చల్లిన ఉడికించిన గోధుమలు వాకిట్లో పంచుతున్నారు. తీసుకున్న ప్రతివాళ్ళూ "దేవుడు ఆవిణ్ణి క్షమించుగాక" అంటున్నారు. అద్దాల మీది గుడ్డలు తీసేశారు. మనోల్ టీవీ మీది నల్లగుడ్డ తీసి, మడత పెట్టి, నల్ల పెట్టె కలిపాడు.

ఆకాశం నిర్మలంగా ఉంది. లెక్క కుదిరింది. తెర మీద ఎవరో కొండ మీద ఆపిల్ పళ్ళు కోస్తున్నారు. పళ్ళ మీది మంచుబొట్లు కూడా కనపడుతున్నాయి. ఒక్కొక్కళ్ళూ ఒక్కొక్కళ్ళే. ఎవరి పక్కనా ఎవరూ లేరు.

"చూడండే, ఉతికి ఆరేసినట్టుంది!" అంది స్తోయిమెంకా, గోధుమలు నములుతూ. "నీడా లేదు, గీడా లేదు. మీ అత్త చూసుంటే అడిగేది, నెద్కా. గుర్తుందా ఏమనేదో? మరి వాళ్ళెక్కడికి పోతారూ అని."

అందరూ నవ్వారు. నెద్కా కూడా మర్యాదకి నవ్వబోయింది. నవ్వబోతూ కిటికీలోంచి వాకిలివైపు చూసింది.

సెవ్దా గోధుమల పళ్ళెం రెండు చేతులా పట్టుకుని ముంగిట్లోంచి వస్తోంది. ఇంకా పది అడుగుల దూరంలో ఉంది. పట్టపగలు. మంచి ఎండ. ఆమె కుడిపక్క ఏమీ లేదు. ఖాళీ. నెద్కా గుండె తేలికపడింది. నలభై రోజులు నిండాయి. వెళ్ళిపోయింది, అనుకుంది.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది.

సెవ్దా చేతులు పళ్ళెం మీదే ఉన్నాయి. ఇంకా ఏడు అడుగుల దూరంలోనే ఉంది. ఎడమపక్క, పాత తెర మీద నీడకి ముందు అసలు మనిషి ఉండే పక్క, పాలిపోయిన గాలి ఒకటి ముందుగా గడప దాటింది. దానికి రుమాలు లేదు. భుజం వాలి లేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల నడకలా ఉంది, జుట్టులోంచి బురదనీళ్ళు కారుతున్నట్టుంది. లోపలికొచ్చి, తలుపు రెక్క తెరిచి పట్టుకుని నిలబడింది.

వెనక వచ్చే మనిషి కోసం ఎదురుచూస్తూ.

ఒక్క గుక్క తర్వాత పళ్ళెంతో వస్తున్నది గడప ఎక్కింది. అచ్చం గానాలా, ముందు మోకాళ్ళ మీద బరువు ఆనించి... మెల్లగా.